ఇద్దరు బదియాలు

ఊహ తెలిశాక బదియా తన కన్నతల్లిని మొదటిసారి చూసింది పదిహేడో ఏట, ఆగ్వా మాన్సా రైలుస్టేషన్లో.

1926, కాఫీ కోతల రోజులు. సావో పావులోలో పొద్దున్నే బయల్దేరిన బండి సాయంత్రానికి గానీ ఆ ఊరు చేరదు. కిటికీల్లోంచి ఎర్రదుమ్ము కొట్టి కొట్టి, దిగేవాళ్ళందరూ ఇటుకబట్టీ నుంచి వచ్చినట్టు ఉంటారు. బదియా కూడా అలాగే దిగింది. తలకు నల్లగుడ్డ, చేతిలో దుప్పటి మూట, కాళ్ళకు బేరూతులో ఎవరో కొనిచ్చిన బిగుతు బూట్లు. ఆ బూట్లతో కుంటుతూ మెట్లు దిగి, ఎటు చూడాలో తెలియక నిలబడిపోయింది.

ఎదురుగా ఒక కుటుంబం నిలబడి ఉంది. తెల్లసూటులో గుబురు మీసాల మనిషి, నల్లబట్టల్లో సన్నటి ఆడమనిషి, ఒక మగపిల్లాడు, జడకు నీలం రిబ్బను కట్టుకున్న చిన్నపిల్ల. ఆ ఆడమనిషి పేరు వర్దే. రైలు మెట్లకేసి చూస్తోంది గానీ, ఆ చూపు బదియా మొహం దాకా రావడం లేదు. కింద కింద వెతుకుతోంది, మూడేళ్ళ పిల్ల నిలబడితే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తున. వచ్చేది పెళ్ళీడు పిల్ల అని ఆమెకు తెలుసు. తెలిసినా కళ్ళు మాట వినలేదు.

తండ్రి నఖ్లే ముందు గుర్తుపట్టాడు. "బదియా!" అని స్టేషనంతా వినబడేట్టు అరిచాడు.

"ఏంటి నాన్నా?" అంది నీలం రిబ్బను పిల్ల, ఆయన పక్కనుంచే.

ఆ పిల్ల అన్నది పోర్చుగీసులో. బదియాకు అర్థం కాలేదు. కానీ పిలిచింది తన పేరు, పలికింది ఇంకో పిల్ల. అంతవరకూ తెలిసింది.

"నిన్ను కాదే" అని నఖ్లే ఆ పిల్ల తలమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ ఎంత అలవాటుగా కూర్చుందో బదియా చూసింది. మూటను గుండెకు అదుముకుంది. అంతలో వర్దే పరుగున వచ్చి వాటేసుకుని "నా కళ్ళూ, నా ప్రాణమా" అంటూ అరబ్బీలో ఏడుపు లంకించుకుంది. బదియా మాత్రం ఆమె భుజం మీదుగా ఆ చిన్నపిల్లనే చూస్తోంది. ఆ చిన్నదీ బదియానే చూస్తోంది, దయ్యాన్ని చూసినట్టు.

ఆ చూపులో తప్పేం లేదు. దానికి తెలిసినంత వరకు ఈ అక్క చచ్చిపోయింది.

జరిగిందేమిటంటే, వీళ్ళది సిరియాలో హోమ్స్‌కు పడమటి కొండల్లో, సఫీతా బురుజు కనిపించేంత దూరంలో ఒక చిన్న పల్లె. అక్కడి మగవాళ్ళు సగం మంది అప్పటికే బ్రెజిల్ చేరి, భుజాన పెట్టె తగిలించుకుని సూదీ దారం అమ్ముకుంటున్నారు. నఖ్లే కూడా భార్యనూ మూడేళ్ళ బదియానూ తీసుకుని బయల్దేరాడు. ఓడ ఎక్కే ముందు డాక్టరు ఒక్కొక్కరి కనురెప్ప తిరగేసి చూసేవాడు. లోపల గరుకు పొక్కులుంటే అంటుజబ్బని వెనక్కి తోసేవాడు. పెద్దవాళ్ళిద్దరూ గట్టెక్కారు. పిల్ల రెప్పల్లో పొక్కులున్నాయి.

రేవు దాకా సాగనంపడానికి నఖ్లే తల్లి తక్లా వచ్చింది. ఆమె చేతులు చాచింది.

"ఇలా ఇవ్వు. కళ్ళు బాగవ్వగానే ఎవరో ఒకరికి అప్పగించి పంపిస్తా. మళ్ళీ ఆలివ్ పండ్లు దులిపే నాటికి నీ ఒళ్ళో ఉంటుంది" అంది కోడలితో.

వర్దే పిల్లను ఇచ్చింది. ఓడ కదిలింది.

పిల్ల కళ్ళు బాగయ్యేలోపు యుద్ధం వచ్చిపడింది. యుద్ధం వెనకాల మిడతల దండు, దాని వెనకాల కరువు. సముద్రం మీద రాకపోకలు ఆగిపోయాయి. ఈజిప్టు మీదుగా ఎలాగో తప్పించుకొచ్చిన ఒకాయన ఆగ్వా మాన్సాలో చెప్పాడు, ఆ కొండల్లో మనిషన్నవాడు మిగల్లేదని. వర్దే అప్పుడు నిండు గర్భిణి. తన చేత్తో గోధుమలు ఉడికించి, చక్కెరా ఎండుద్రాక్షా కలిపి, పోయిన బిడ్డ పేరు చెప్పి ఊరందరికీ పంచింది. కొన్నాళ్ళకు పుట్టిన ఆడపిల్లకు ఆ పేరే పెట్టుకుంది. నల్లబట్టలు మాత్రం విప్పలేదు.

యుద్ధం ముగిశాక నిజం తెలిసింది. తక్లా మనవరాలిని వీపున కట్టుకుని కొండ దాటి, ఒక మఠంలో తిరగలి విసురుతూ కరువంతా గడిపిందనీ, ఇద్దరూ బతికే ఉన్నారనీ. ఆ కబురు వచ్చేసరికి చిన్న బదియా పరుగులు పెడుతోంది. పేరు పెట్టి పిలిస్తే గిర్రున వెనక్కి తిరిగే పిల్ల దగ్గర ఆ పేరు ఎలా లాక్కుంటారు? ఉంచేశారు.

పెద్ద పిల్లను రప్పించుకోవడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. మనిషిని పంపితే "కళ్ళు ఇంకా బాగవలేదు" అన్నారు. మళ్ళీ పంపితే మళ్ళీ అదే మాట. చివరికి నడుం వంగిపోయాక తక్లాయే ఊరివాళ్ళ వెంట మనవరాలిని పంపేసింది. తను మాత్రం రానంది.

"ఈ వయసులో నన్ను ఓడెక్కిస్తే సముద్రంలో పారేస్తారు. చేపలు కూడా ముట్టవు" అంది.

దారి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. బదియా వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా చేత్తో "పో, పో" అన్నట్టు ఊపింది, కోళ్ళను అదిలించినట్టు.

ఆగ్వా మాన్సాలో ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో తానులు, బొత్తాలు, లాంతరు చిమ్నీలు. ఊళ్ళో వర్దేను రోజా అంటారు, నోరు తిరక్క. పెద్దకూతురు వచ్చిన రోజు నుంచి ఆమె వంటింట్లోంచి బయటికి రాలేదు. దంచిన మాంసంలో గోధుమరవ్వ కలిపి కిబ్బేలు చేసింది. ద్రాక్షాకులు దొరకని ఊరు కాబట్టి క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి ఉడికించింది. అన్నీ ముందు పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూతురు తింటుంటే చూస్తూ కూర్చునేది. ఉన్నట్టుండి బొటనవేలితో పిల్ల కనురెప్ప ఎత్తేది.

"బాగయ్యాయి. పూర్తిగా బాగయ్యాయి కదే?"

బదియా మొహం పక్కకు తిప్పుకునేది. ఆమెకు "అమ్మా" అని నోరు రాలేదు. ఊహ తెలిసినప్పట్నుంచి అమ్మా అని పిలిచింది తక్లానే. అందుకని ఏమీ పిలిచేది కాదు. ఏదైనా కావాలంటే వచ్చి ఎదురుగా నిలబడేది.

కొన్నాళ్ళకు వర్దే ఉండబట్టలేక అంది: "పిలిస్తే నీ నోట్లో ముత్యాలేమైనా రాలతాయా? గోడ ముందు నిలబడ్డట్టు నిలబడతావేంటి?"

"అలవాటు లేదు."

"ఎలా ఉంటుంది? మీ నాయనమ్మ నిన్ను నా చేతుల్లోంచి లాక్కుంది."

"లాక్కోలేదు. నువ్వే ఇచ్చావట" అంది బదియా.

వర్దే చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. ఆ పూట ఆమె అన్నం తినలేదని చిన్న బదియా వెళ్ళి తండ్రికి చెప్పింది.

సాయంత్రాలు పెద్ద బదియా పెరటిగోడ పక్కన బోర్లించిన తొట్టి మీద కూర్చునేది. ఎండుగడ్డి మీదుగా వచ్చే గాలిని పీల్చి చూసేది. నాయనమ్మ ఇంట్లో రొట్టె కాల్చే పొయ్యి వాసనా, మేకల వాసనా, వానకు తడిసిన అంజూరపు ఆకు వాసనా ఏదీ అందులో ఉండేది కాదు. పొద్దుగుంకే వైపు తిరిగి, అక్కడేదో కనపడుతున్నట్టు చూస్తూ ఉండేది. తమ్ముడు జమీల్‌కు అరబ్బీ నాలుగు ముక్కలొచ్చు. ఒకరోజు వాడు వచ్చి అడిగాడు.

"ఏం చూస్తున్నావ్?"

"మా ఊరు ఎటుందో అటు."

"అటా?" అని వాడు పగలబడి నవ్వాడు. "అటు పోతే బొలీవియా వస్తుంది. మీ ఊరు ఇటు, కొట్టు అవతల, రైలొచ్చే వైపు."

బదియా లేచి, తొట్టిని జరుపుకుని, అటు తిరిగి కూర్చుంది. ఎదురుగా కొట్టుగోడ. నవ్వుతున్నవాడు నవ్వు ఆపేశాడు. కాసేపు తనూ పక్కన కూర్చున్నాడు.

పేరు గొడవ ముదిరింది. "బదియా" అంటే ఇద్దరూ పలికేవారు, లేదా ఇద్దరూ పలికేవారు కాదు. చర్చి ఫాదరు సలహా ఇచ్చాడు: "పెద్దమ్మాయిని మరియా అనండి. అందరికీ నోరు తిరుగుతుంది." నఖ్లేకు బాగానే ఉందనిపించింది. పెద్ద బదియా ఒప్పుకోలేదు.

"నాయనమ్మ పెట్టిన పేరు. నాతో సముద్రం దాటి వచ్చింది అదొక్కటే. ఇవ్వను."

అది విన్న చిన్న బదియాకు భయం పట్టుకుంది. అన్న చెయ్యి పట్టుకుని అక్క దగ్గరికి లాక్కొచ్చింది. "నాది తీసేసుకుంటుందేమో అడుగు" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. పుట్టినప్పట్నుంచి అది విన్నది ఒకటే, తన పేరు చనిపోయిన అక్కదని. ఇప్పుడు అక్క వచ్చి అడిగితే ఇచ్చెయ్యాలి కాబోలు అనుకుంది.

జమీల్ తర్జుమా చేశాడు. పెద్ద బదియా ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. మొదటిసారి దాని మీద జాలేసింది.

"దీంతో చెప్పు. నువ్వూ ఉంచుకో, నేనూ ఉంచుకుంటా. వాడితే అరిగిపోయేది కాదులే అని."

అప్పట్నుంచి వాళ్ళు పెద్ద బదియా, చిన్న బదియా. ఊరు కూడా అలాగే పిలిచింది.

ఇంట్లో ఊపిరాడని పిల్లకు బయట ఊపిరి పోసింది లతీఫే. ఆవిడ నఖ్లేకు వరసకు చెల్లెలు, భర్త పోయినావిడ, కాఫీ తోటల వెంబడి తిరిగి సరుకు అమ్ముకునేది. మగవాళ్ళు మోసే పెట్టెను తనూ మోసేది. ఒకరోజు కొట్టుకొచ్చి "ఈ పిల్లను నాతో పంపు వదినా. ఇక్కడ కూర్చుంటే తుప్పు పట్టిపోతుంది" అంది. వర్దే గుండె బాదుకుంది. దొరక్క దొరక్క దొరికిన పిల్లను మళ్ళీ దుమ్ముదారుల్లో పంపడమా! కానీ పంపక తప్పలేదు. పెద్ద బదియా అప్పటికే పెట్టె పట్టీ భుజానికి వేసుకుని చూసుకుంటోంది.

తోటల్లో కూలీల ఇళ్ళు బారులు తీరి ఉండేవి. ఇటలీ వాళ్ళు, నల్లవాళ్ళు, కొత్తగా వచ్చిన జపాన్ వాళ్ళు. పెట్టె తెరవగానే ఆడవాళ్ళు ఈగల్లా మూగేవాళ్ళు. టర్కీ ఏలుబడి నుంచి వచ్చినవాళ్ళందరినీ అక్కడ తుర్కులనే అనేవాళ్ళు.

"ఏయ్ తుర్కు పిల్లా! ఏం తెచ్చావ్?"

"నేను తుర్కుదాన్ని కాదు. వాళ్ళకు దడిసే మావాళ్ళు పారిపోయొచ్చారు."

"ఏదైతే నాకేం? ఆ ఎర్ర రిబ్బను చూపించు."

రంగుల పేర్లు, బొత్తాల పేర్లు, "చాలా ఎక్కువ చెప్తున్నావ్", "నీ మొగుడు రానీ, అడుగుదాం". బదియా నేర్చిన పోర్చుగీసంతా ఆ గుమ్మాల ముందు నేర్చిందే. ఆ మాటల్లో చదువుకున్న వాసన ఏమాత్రం ఉండేది కాదు. ఇంట్లో ఆమె నోరు తెరిస్తే చిన్న బదియా పొట్ట పట్టుకుని నవ్వేది. "అక్కా, నువ్వు అచ్చం కూలీ ఆడవాళ్ళలా తిడుతున్నావ్!"

లతీఫే అమ్మకం కళ్ళారా చూడాల్సిందే. ఒక చిన్న చెక్క శిలువ పైకెత్తి "జెరూసలేంలో క్రీస్తు సమాధికి తాకించి తెచ్చాను" అనేది కన్నీళ్ళతో.

"సావో పావులోలో టోకు కొట్లో కొన్నది కదా?" అని బదియా అరబ్బీలో గొణిగింది.

"నోర్ముయ్. రైలెక్కే ముందు ఒకసారి జెరూసలేం వైపు తిప్పి పట్టుకున్నాలే."

బ్రెజిల్ వచ్చాక బదియా మొదటిసారి నవ్వింది ఆ గుమ్మం ముందే. నవ్వి, వెంటనే నాయనమ్మ గుర్తొచ్చి ఆగిపోయింది. ఈ మాట ఆమెకు చెబితే ఎంత నవ్వేదో! ఎదురైన మంచికీ చెడ్డకీ బదియాకు మొదట తోచేది అదే. తక్లాకు చెప్పాలని.

కొన్నేళ్ళకు కాఫీ ధర పడిపోయింది. అమ్ముడుపోని కాఫీని ప్రభుత్వం రైలుపట్టాల పక్కన గుట్టలు పోసి తగలబెట్టించింది. ఊరంతా మాడు వాసన. బట్టల్లో అదే, అన్నంలో అదే. ఆ రోజుల్లోనే ముసల్లెమ్ వచ్చాడు. సావో పావులోలో వ్యాపారం ఆయనది. సొంతూరుకు వెళ్ళొస్తూ ఉండేవాడు. పెద్ద బదియాను తీసుకురమ్మని అప్పట్లో రెండుసార్లూ వీళ్ళు పంపింది ఈయన్నే.

కొట్లో కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. టోపీ తీసిన తీరు చూసే నఖ్లేకు అర్థమైపోయింది.

"ఎప్పుడు?" అన్నాడు.

"చలికాలంలో. నిద్రలోనే పోయిందట. మంచి చావు."

పెద్ద బదియా అప్పుడే తోటల నుంచి తిరిగొచ్చి, భుజాన పెట్టె దించకుండా గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరూ ఆమెను లోపలికి రమ్మనలేదు. అలాగే నిలబడి వింది.

ముసల్లెమ్‌కు మాట్లాడటం అలవాటు. దుఃఖంలో ఉన్నవాళ్ళను తేలికపరచాలని పాత సంగతి ఒకటి ఎత్తుకున్నాడు.

"అబ్బో, గడుసుదండీ మీ అమ్మ! నేను ఈ పిల్ల కోసం వెళ్ళినప్పుడు చూశాను కదా. గుమ్మంలో నా గొంతు వినబడగానే ఉల్లిపాయ కోసి పిల్ల కళ్ళకు రుద్దేసింది. నేను లోపలికి వచ్చేసరికి పిల్ల కళ్ళు చింతనిప్పులు! 'చూశావా నాయనా, ఇంకా బాగవలేదు' అంటుంది. రెండోసారీ అంతే. వీధి వీధంతా ఉల్లిపాయ వాసన. నాకు తెలియదా? తెలుసు. కానీ ముసలమ్మ మొహం చూస్తే నోరు రాలేదు. బాగవలేదనే వచ్చి చెప్పాను."

తను చెప్పినదేమిటో ముసల్లెమ్‌కు అప్పటికి తట్టింది. టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాడు.

బదియాకు ఆ ఉల్లిపాయ గుర్తుంది. మందే అనుకుంది ఇన్నాళ్ళూ. నాయనమ్మ "కళ్ళు మూసుకో తల్లీ, కాస్త మండుతుంది" అని చెప్పి, తర్వాత తన తలగుడ్డ అంచు తడిపి ఎంతోసేపు తుడిచేది. తుడుస్తూ తనూ ఏడ్చేది. ఉల్లిపాయ ఘాటుకే అనుకుంది పిల్ల.

ఆమె తల్లి వైపు చూసింది. ఇప్పుడు నాయనమ్మను తిడుతుంది, తిడితే తను ఊరుకోకూడదు అనుకుంది. వర్దే తిట్టలేదు. లోపలికి వెళ్ళి, పెద్ద గిన్నె దించి, గోధుమలు కడిగి పొయ్యి మీద పెట్టింది. పోయినవాళ్ళ కోసం ఉడికించే గోధుమలు.

బదియా వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఆమె కోసమా?"

"మా అత్తగారు కదా. నేను కాక ఎవరు చేస్తారు?" అంది వర్దే గరిటె తిప్పుతూ. పొయ్యి వైపు చూస్తూనే మళ్ళీ అంది: "ఏళ్ళ తరబడి ఆవిణ్ణి తిట్టుకున్నాను. నిజంగానే దొంగిలించిందని ఈవేళ తెలిసింది. తెలిశాక తిట్టబుద్ధి కావడం లేదు. నిన్ను పెంచి, పంపించమంటే... నేనైనా అదే చేసేదాన్ని. ఉల్లిపాయ కాదు, కారం కొట్టేదాన్నేమో."

బదియా గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. వచ్చినప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరి ముందూ ఏడవలేదు. వర్దే దగ్గరికి రాలేదు, వాటేసుకోలేదు. గరిటె తిప్పుతూ, తనూ ముక్కు ఎగబీలుస్తూ నిలబడింది. బయటి నుంచి మాడిన కాఫీ వాసన వస్తోంది. గిన్నెలో నురగ పైకి లేచింది.

"అమ్మా, పొంగుతోంది" అంది బదియా.

వర్దే వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మాట ఎక్కడ చెదిరిపోతుందో అన్నట్టు, మెల్లగా మూత పక్కకు జరిపింది.

తర్వాత కాలం అందరికీ నడిచినట్టే నడిచింది. నఖ్లే పోయాడు. జమీల్ పళ్ళ డాక్టరై పెద్ద ఊరికి వెళ్ళిపోయాడు. చిన్న బదియా స్టేషన్ గుమాస్తాను పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. పెద్ద బదియాకూ సంబంధాలు వచ్చాయి. "ఒక ఇంటికి అలవాటు పడేసరికే సగం ప్రాణం పోయింది. ఇంకో ఇల్లు నా వల్ల కాదు" అని కొట్టిపారేసింది. లతీఫేకు కాళ్ళు చచ్చుబడ్డాక పెద్ద బదియా తోటల తిరుగుడు మానేసి కొట్టు తనే చూసుకుంది. తల్లీ కూతుళ్ళిద్దరూ అదే ఇంట్లో ఉండిపోయారు. వాళ్ళ మధ్య ముద్దులూ మురిపాలూ ఏమీ లేవు. ఒకే పళ్ళెంలో చిక్కుడు గింజలు ఏరుకుంటూ, కొట్టుకొచ్చిన వాళ్ళ మీద గుసగుసలాడుకుంటూ ఉండేవారు. ఊళ్ళో అరబ్బీ వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. చివరికి ఆ భాష ఆ ఇంట్లో ఆ ఇద్దరి మధ్యే మిగిలింది.

డెబ్బై దాటాక వర్దేకు మతిమరుపు పట్టుకుంది. మొదట పోయింది పోర్చుగీసు. యాభై ఏళ్ళు మాట్లాడిన భాష పండుటాకులు రాలినట్టు రాలిపోయింది. చిన్న బదియా వచ్చి చెయ్యి పట్టుకుని "అమ్మా, నేను" అంటే, ఎవరీ పెద్దమనిషి, ఏం మాట్లాడుతోంది అన్నట్టు మర్యాదగా నవ్వేది. చిన్న బదియా వీధిలోకి పోయి ఏడ్చేది. తల్లి ఒళ్ళో పెరిగిన పిల్లకు తల్లి మాట అర్థం కాకుండా పోయింది. తల్లి ఒడి ఎరగని పిల్లే ఇప్పుడు ప్రతి మాటా చెల్లెలికి విప్పి చెప్పాల్సి వచ్చింది.

"ఏమంటోంది అక్కా?"

"నీళ్ళంటోంది."

"ఇప్పుడు?"

"మేకను కట్టేశారా అంటోంది."

ఒక మధ్యాహ్నం వర్దేను పెరట్లో నీడన కూర్చోబెట్టి పెద్ద బదియా ఆమె తల దువ్వుతోంది. ఆమెకూ అప్పటికి తల నెరిసింది. ఎండకు తలగుడ్డ కట్టుకుని ఉంది. నానాటికీ అచ్చం తక్లాలా తయారవుతోందని మతి బాగున్న రోజుల్లో వర్దే అనేది. వర్దే తలెత్తి ఆ మొహాన్ని చూసింది. ఉన్నట్టుండి ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"అత్తయ్యా" అంది. "తప్పు చేశాను అత్తయ్యా. ఇవ్వకుండా ఉండాల్సింది. నా పిల్లను నాకిచ్చెయ్. నేను ఓడెక్కను. ఎక్కడికీ పోను. ఇక్కడే కూర్చుంటా. ఇచ్చెయ్ అత్తయ్యా."

దువ్వెన కింద పడింది. "నేనే నీ పిల్లను" అందామనుకుంది బదియా. నోటి దాకా వచ్చింది. కానీ తల్లి కళ్ళు తన మొహం మీద లేవు. కింద కింద వెతుకుతున్నాయి, తన గౌను కుచ్చిళ్ళ వెనక ఎవరో దాక్కున్నట్టు.

"ఇచ్చేస్తున్నా వర్దే" అంది తక్లా గొంతుతో. ఆ గొంతు తనకు అంత బాగా వచ్చని ఆమెకే తెలియదు. "నీ పిల్ల నీదే. తీసుకో. కళ్ళు బాగయ్యాయి చూడు."

వర్దే చేతులు ముందుకు చాచింది. ఏమీ లేనిచోట ఏదో ఎత్తుకుని గుండెకు హత్తుకుని, అటూ ఇటూ ఊగుతూ జోకొట్టసాగింది. ఆమె మొహంలో అంత సుఖం బదియా ఎప్పుడూ చూడలేదు, తను రైలు దిగిన రోజున కూడా. తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని పక్కన కూర్చుంది. తల్లి ఒళ్ళో ఉన్న తనను తనే చూస్తూ కూర్చుంది.

ఆ ఏటి చలికాలం దాటకుండానే వర్దే పోయింది. గోధుమలు పెద్ద బదియా ఉడికించింది. చిన్న బదియా పంచింది.

వర్దే పోయాక చిన్న బదియా సాయంత్రాలు అక్క దగ్గరికి రావడం మానలేదు. మొగుడి భోజనం సర్దిపెట్టి వచ్చి, పెరట్లో కూర్చునేది. ఒకరోజు ఇద్దరూ చిక్కుడు గింజలు ఏరుతుంటే అడిగింది.

"అక్కా, అమ్మ ఆఖర్న నన్ను చూసినప్పుడల్లా ఒక మాట అనేది. ఏంటది?"

"చాలా అనేది. ఏ మాట?"

చిన్న బదియా నోరు వంకర్లు తిప్పి ఆ మాట పలకబోయింది. గొంతు లోపల్నుంచి రావాల్సిన అక్షరం ముక్కులోంచి వచ్చింది. పెద్ద బదియా నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వకే! నాకెవరు నేర్పారని? నేర్పమంటే అమ్మేమో 'నువ్విక్కడి పిల్లవి, నీకెందుకులే' అనేది."

"ఆ మాట 'బాగున్నావా తల్లీ' అని. ఎవరో తెలియకపోయినా నిన్ను చూస్తే అలా అడగాలనిపించేది ఆమెకు."

చిన్న బదియా కళ్ళు తుడుచుకుంది.

"మళ్ళీ చెప్పు. మెల్లగా."

పెద్ద బదియా చెప్పింది. చెల్లెలు పలికింది. తప్పు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తప్పు.

"గొంతులోంచి రావాలే. చేపముల్లు ఇరుక్కున్నట్టు అనుకో."

"నాకు యాభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. ఈ వయసులో ముల్లెలా ఇరుక్కుంటుంది?" అంటూనే మళ్ళీ పలికింది.

పొద్దు గుంకి, గింజల్లో రాళ్ళు కనబడనంత చీకటి పడేదాకా అక్క ఆ ఒక్క మాటే చెబుతూ ఉంది, చెల్లెలు పలుకుతూ ఉంది.